గాలి బొమ్మలు చేద్దామనుకునేవాళ్ళకి: ఏ ఫ్యాను, ఏ అతుకు, ఏ షీటు?

పాలిథీన్ షీటుతో పెద్ద పెద్ద గాలి బొమ్మలు చేద్దామని దిగేవాళ్ళు అందరూ మొదట అడిగేది ఒకటే, ఏ షీటు కొనాలి అని. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు బొమ్మ ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి. దాన్నిబట్టి గాలి ఎలా ఇవ్వాలో తెలుస్తుంది, గాలినిబట్టి అతుకు ఎంత గట్టిగా ఉండాలో తెలుస్తుంది, ఆ అతుక్కి లొంగే షీటు ఏదో చూసి అప్పుడు డబ్బులు తీయొచ్చు. అలాకాకుండా విజయవాడ వన్‌టౌన్‌లో ఏదో తళతళలాడే షీటు చూసి ముచ్చటపడి ఐదు కిలోలు చుట్టించుకుని వస్తే, అది ఇస్త్రీ పెట్టెకీ అతకదు, గమ్ముకీ అంటదు, ఆ చుట్ట వచ్చే వేసవిదాకా అటక మీదే ఉంటుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ మాట్లాడుతున్నది బెలూన్‌లా గాలి నింపి మూతి కట్టేసే బొమ్మల గురించి కాదు. ఇంట్లో చేసే అతుకుల్లోంచి ఎంతో కొంత గాలి కారుతూనే ఉంటుంది, కాబట్టి ఒక ఫ్యాను అదేపనిగా ఊదుతూ ఉండాలి, కారేదానికంటే వచ్చేది ఎక్కువ ఉంటే బొమ్మ నిలబడుతుంది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఆంట్ ఫామ్ అనే ఆర్కిటెక్టుల బృందం పాలిథీన్, టేపు, ఫ్యాను, ఈ మూడింటితోనే మనుషులు లోపలికెళ్ళి తిరిగేంత గాలి దిండ్లు చేసింది. వాళ్ళు వాడినవన్నీ ఈరోజు బెజవాడలో, గుంటూరులో ఒక్క పూటలో కొనుక్కోవచ్చు.

ఏం చూసుకుని ఎంచుకోవాలి

నేను చూసేవి నాలుగు. బొమ్మ గదిలోనా, బయటా. ఎంతసేపు నిలబడాలి, గంటా, పండగ తొమ్మిది రోజులా. అతికే పని ఎవరు చేస్తారు, పిల్లలా, పెద్దలా. ఇక నాలుగోది జనం పట్టించుకోనిది, బొమ్మకి సన్నటి భాగాలు ఉన్నాయా లేవా. కాళ్ళు, తొండాలు, చేతులు అన్నమాట. ఒట్టి దిండు, గోళం, గొంగళిపురుగు లాంటివి ఏ ఫ్యానుకైనా లేస్తాయి. కాళ్ళ మీద నిలబడే జంతువు అనగానే లెక్క మొత్తం మారిపోతుంది.

ఆ లెక్క చెప్తాను, భయపడక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకమైన పైపు ఉంటుంది కదా, అందులో సగందాకా నీళ్ళు పోసి 'యు' ఆకారంలో పట్టుకుని, ఒక కొస బొమ్మ లోపల పెట్టి రెండోది బయట వదిలేయండి. లోపలి గాలి ఒత్తిడికి రెండు పక్కల నీటిమట్టంలో కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడా 1 మి.మీ. ఉంటే చదరపు మీటరుకి 1 కిలో బరువు మోసే ఒత్తిడి ఉన్నట్టు. ఇంతకంటే చవకైన మీటరు దొరకదు.

ఇప్పుడు మన కొండపల్లి అంబారీ ఏనుగునే పెద్దది చేద్దామనుకోండి. అంబారీతో కలిపి 20 చదరపు మీటర్ల షీటు పట్టిందనుకుందాం. 50 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పాలిథీన్ చదరపు మీటరు 46 గ్రాములు, అంటే ఏనుగు బరువు 920 గ్రాములు. కాళ్ళు ఒక్కొక్కటి 30 సెం.మీ. వ్యాసం. ఒక్కో పాదం వైశాల్యం 0.07 చదరపు మీటరు. ఫ్యాను 3 మి.మీ. ఒత్తిడి ఇస్తుంటే ఒక్కో కాలు మోసేది 210 గ్రాములు, నాలుగూ కలిపి 850 కూడా దాటదు. 920 గ్రాముల ఏనుగు ఏం చేస్తుంది? మోకాళ్ళు మడిచి చతికిలబడుతుంది. షీటు బాలేదనీ, అతుకులు కారుతున్నాయనీ జనం తిట్టుకుంటారు గానీ అసలు సంగతి ఇది. అదే ఫ్యాను మార్చి 6 మి.మీ. ఇస్తే సుమారు 1,700 గ్రాములు మోస్తుంది, ఏనుగు దర్జాగా నిలబడుతుంది. ఫ్యాను మార్చకుండా కాళ్ళ వ్యాసం 40 సెం.మీ. చేసినా నిలబడుతుంది.

తొండం, తోక లాంటివి ఇంకా మొండివి. గాలి గొట్టం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసార్థం ఘనాన్నిబట్టి ఉంటుంది, అంటే గొట్టాన్ని సగానికి సన్నం చేస్తే బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మొదటి బొమ్మకి బొద్దుగా, లావుపాటి కాళ్ళున్న జంతువే తీసుకోండి. కొంగ, జిరాఫీ తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.

గాలి: టేబుల్ ఫ్యానా, ఎగ్జాస్టా, బ్లోయరా

టేబుల్ ఫ్యాను అందరి ఇంట్లో ఉండేదే. గాలి బాగా తోస్తుంది గానీ ఒత్తిడి ఇవ్వడం దాని పని కాదు. ఎదురు ఒత్తిడి కొంచెం పెరగ్గానే గాలి రెక్కల అంచుల పక్కనుంచి వెనక్కొచ్చేస్తుంది. ఫ్యాను చుట్టూ అట్టముక్కతో రింగులా కట్టి ఆ సందులు మూస్తే కొంత నయం. గదిలో దిండ్లకి, సొరంగాలకి, గొంగళిపురుగులకి ఇది చాలు. దీని గొప్పదనం వేరే ఉంది. కరెంటు ఖర్చు 50 వాట్ల చుట్టుపక్కలే, ఇంట్లో ఇన్వర్టరు మీదే నడుస్తుంది. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఫ్యాను ఆగిన కాసేపటికే బొమ్మ నేలమీద పరుచుకుంటుంది.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను నాకు ఎక్కువ ఇష్టం. గుండ్రటి ఫ్రేము ఉంటుంది, రెక్కలకీ ఫ్రేముకీ సందు తక్కువ, అందుకే టేబుల్ ఫ్యాను కంటే కాస్త ఎక్కువ ఒత్తిడి నిలబెడుతుంది. షీటుతోనే ఒక గొట్టంలాంటి ముక్కు అతికి, దాన్ని ఫ్రేము మీదికి తొడిగి, పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీతో బిగించి కట్టేస్తే సరిపోతుంది. ఫ్యాను వెనక జాలీ తప్పకుండా పెట్టండి. పిల్లల వేళ్ళు ఒక కారణం, అది గాలిపోతున్న షీటుని లాక్కుని రెక్కల్లో చుట్టేసుకోవడం ఇంకో కారణం.

ఇక బ్లోయర్లు. కంప్యూటర్ల దుమ్ము ఊదే చేతి బ్లోయరు ఉంది చూశారూ, ఒత్తిడి బాగానే ఇస్తుంది, కానీ చెవులు చిల్లులు పడతాయి, దాన్ని గంటలకొద్దీ నడపకూడదు, మోటారు వేడెక్కిపోతుంది. బొమ్మని గబగబా ఉబ్బించడానికి వాడి తర్వాత ఫ్యానుకి మార్చుకోవచ్చు. పుట్టినరోజు ఫంక్షన్లలో పిల్లలు గెంతే బౌన్సీలకి పెట్టే పెద్ద బ్లోయరు అసలైన మొగాడు. నత్తగుల్ల ఆకారంలో డబ్బా, లోపల తిరిగే చక్రం, ఆగకుండా నడిచేలా చేసింది. ఈవెంట్ల వాళ్ళ దగ్గర అద్దెకి అడగొచ్చు. 1 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 750 వాట్లు కాబట్టి ఇంటి ఇన్వర్టరు మీద ఆశ పెట్టుకోకండి.

బయట పెట్టే బొమ్మకి ఈ పెద్ద బ్లోయరు ఎందుకు కావాలో కూడా ఆ మిల్లీమీటర్ల లెక్కే చెప్తుంది. గంటకి 36 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే అది బొమ్మ మీద మోపే ఒత్తిడి సుమారు 6 మి.మీ. లోపల టేబుల్ ఫ్యాను ఇచ్చేది దాంట్లో సగం. ఇక చూస్కోండి, కృష్ణ ఒడ్డున సాయంత్రం ఒక్క గాలి తెర వచ్చిందంటే బొమ్మ డొక్క లోపలికి పోతుంది. డాబా మీద కూడా అంతే. బయట పెట్టాలంటే ఒత్తిడి బయటి గాలికి రెండింతలైనా ఉండాలి. దానికి తోడు అడుగున ఇసుక బస్తాలు, నాలుగు వైపులా తాళ్ళు. లేదా గాలి కొట్టని చోటు, అపార్టుమెంటు సెల్లారో, కాలేజీ కారిడారో, ఫంక్షన్ హాలో వెతుక్కోండి. నేనైతే మొదటి బొమ్మకి సెల్లారే చెప్తాను.

ఊరికే వచ్చే గాలి కూడా ఉంది. న్యూయార్కులో జాషువా అలెన్ హారిస్ అనే కళాకారుడు ప్లాస్టిక్ సంచులతో జంతువులు చేసి ఫుట్‌పాత్ మీద సబ్‌వే (భూగర్భ రైలు) జాలీలకి కట్టేవాడు, కింద రైలు వెళ్ళినప్పుడల్లా తోసుకొచ్చే గాలికి అవి లేచి నిలబడి, రైలు పోగానే కూలబడేవి. మనకి సబ్‌వే లేదు గానీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు వీధికి యాభై ఉన్నాయి. పలచటి సంచితో చేసిన చిన్న బొమ్మని దాని గాలికి కాస్త దూరంలో కట్టి ఆడించొచ్చు. యూనిట్ మూతికి మాత్రం తొడగొద్దు, గాలి బయటికి పోకపోతే ఏసీ పాడవుతుంది.

అతుకు: అసలు కష్టమంతా ఇక్కడే

పాలిథీన్‌కి గమ్ము అంటదు. ఏ కంపెనీదైనా సరే, ఆరాక గోటితో గీరితే పొలుసులా లేచొస్తుంది, ఆ ప్లాస్టిక్ ఉపరితలం స్వభావమే అంత. మిగిలినవి టేపు, వేడి.

అతుకు ఎంత బలంగా ఉండాలో తెలుసుకోవడం తేలిక. ఒత్తిడిని వ్యాసార్థంతో హెచ్చించండి, అంతే. మీటరు వ్యాసం ఉన్న గొట్టంలో 3 మి.మీ. ఒత్తిడి ఉంటే అతుకు మీద పడేది మీటరు పొడవుకి ఒకటిన్నర కిలో. ఏ టేపైనా ఆపుతుంది. అదే బొమ్మకి బ్లోయరు పెట్టి 50 మి.మీ. ఒత్తిడి ఇస్తే మీటరుకి 25 కిలోలు, అక్కడ టేపుని నమ్ముకోలేం. ఇందుకే ముందు గాలి సంగతి తేల్చుకోమన్నది. ఇంకో మాట, ఒకే ఒత్తిడిలో బొమ్మ లావెక్కేకొద్దీ అతుకు మీద బరువు పెరుగుతుంది. చిన్న నమూనాకి ఆగిన టేపు పెద్దదానికి ఆగకపోవడంలో వింతేం లేదు.

టేపు మంచి గుణం ఏమిటంటే పిల్లలు కూడా చేసేస్తారు, తప్పు పడితే పీకి మళ్ళీ వేయొచ్చు, కాలడం లాంటి భయం లేదు. రెండు అంచులూ ఒకదానిమీద ఒకటి రెండు అంగుళాలు ఎక్కించి పైనా లోపలా కూడా వేయాలి. రెండు అంచులూ చేతులు జోడించినట్టు పక్కపక్కన నిలబెట్టి పైన టేపు చుడితే గాలి దాన్ని ఒలిచేస్తుంది. చెడ్డ గుణం మన ఎండ. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో డాబా మీద ఉన్న షీటు చెయ్యి పెట్టనివ్వదు, టేపు జిగురు జావగారి మెల్లగా జారుతుంది, సాయంత్రానికి అతుకంతా సాగి జిగురు గీతలు మిగులుతాయి. నీడలో ఒక పూట అయితే టేపు, అంతకు మించితే వేడి.

వేడితో అతకడానికి ఇంట్లో ఉన్న ఇస్త్రీ పెట్టె చాలు. మామూలు పాలిథీన్ 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నైలాన్, సిల్క్ గుర్తుల మధ్యే పని, కాటన్ దాకా తిప్పారంటే చిల్లులే. ఆవిరి వచ్చే రకమైతే ఆవిరి ఆపేయండి. షీటు కింద ఒకటి, పైన ఒకటి బేకింగ్ పేపరు వేయాలి, కేకు సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. చవక బట్టర్ పేపరు కొన్నిసార్లు షీటుకే అంటుకుపోతుంది, ముందు ముక్క మీద చూసుకోండి. పెట్టెని రుద్దొద్దు, ఒక చోట ఆనించి రెండు మూడు క్షణాలు నొక్కి, ఎత్తి, పక్కన ఆనించాలి. సరిగ్గా అతికిందో లేదో కంటికే తెలుస్తుంది. రెండు పొరలుగా మసకమసకగా ఉన్న చోటు ఒక్కసారిగా తడిసినట్టు తేటపడుతుంది, మధ్యలో తెల్లటి చుక్కలుంటే అక్కడ ఇంకా పట్టలేదు. కాగితాన్ని వెంటనే పీకకండి. వేడిమీద ఉన్న అతుకుకి బలం ఉండదు, చల్లారాక కాగితం దానంతటదే పటపటమని వదులుతుంది. ఆ తర్వాత అతుకుని రెండు చేతులా పట్టి లాగండి. పక్కన షీటు సాగాలి, అతుకు విడిపోకూడదు. విడిపోతే వేడి చాల్లేదు, అతుకు అంచు వెంట సన్నగా తెగితే వేడి ఎక్కువైంది.

స్వీటు షాపుల్లో, పచ్చళ్ళ షాపుల్లో ప్యాకెట్లు మూసే హ్యాండ్ సీలరు దీనికంటే సుఖం. లోపల ఒక సన్నటి తీగ పట్టీ క్షణం వేడెక్కి ఆరిపోతుంది, దాని మీద టెఫ్లాన్ గుడ్డ ఉంటుంది, కాబట్టి కాగితాల బాధ లేదు. లైటు ఆరాక కూడా రెండు క్షణాలు నొక్కి ఉంచితే అతుకు ఒత్తిడిలోనే చల్లారి గట్టిపడుతుంది. 12 అంగుళాలది కొనుక్కోండి, 8 అంగుళాలదానితో పెద్ద బొమ్మ చేయాలంటే నడుం పడిపోతుంది. ఇది తిన్నటి గీతే వేస్తుంది, వంపులు రావు. వంపు కావాలంటే చిన్న చిన్న తిన్నటి గీతలుగా మలుపు తిప్పుకుంటూ పోవాలి. ఉబ్బాక ఆ మూలలు పెద్దగా కనపడవు. దవడ లోతు తక్కువ కాబట్టి షీటు మధ్యలో కళ్ళు, చెవులు అతకడానికి పనికిరాదు, అక్కడ మళ్ళీ ఇస్త్రీ పెట్టె అంచే గతి. ముందు అతికి తర్వాత కత్తిరించడం అలవాటు చేసుకుంటే సగం తలనొప్పి పోతుంది.

కొవ్వొత్తి మంట మీద అంచు కాల్చి అతకడం కూడా ఉంది, బండి మీద పల్లీల ప్యాకెట్లు మూసేవాళ్ళ చేతివాటం చూస్తే ముచ్చటేస్తుంది. జానెడు ప్యాకెట్‌కి సరే, మీటర్లకొద్దీ అతుక్కి వద్దు. కాలుతున్న పాలిథీన్ చుక్కలు చుక్కలుగా ఒంటిమీద పడుతుంది.

ఇప్పుడు షీటు

పాలిథీన్ షాపుకి వెళ్తే మైక్రాన్లు అనరు, ఎన్ని గేజ్ అంటారు. 4 గేజ్ అంటే 1 మైక్రాన్, కాబట్టి 200 గేజ్ 50 మైక్రాన్లు, 400 గేజ్ 100 మైక్రాన్లు. అమ్మేది కిలోల లెక్కన. 200 గేజ్ కిలోకి 21, 22 చదరపు మీటర్లు వస్తుంది, 400 గేజ్ కిలోకి 11. మందం రెట్టింపైతే ఖర్చు కూడా రెట్టింపన్నమాట. విజయవాడలో వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, గుంటూరులో పట్నం బజార్, లాలాపేట వైపు ప్యాకింగ్ సామాను షాపుల్లో అడగండి. రెండు విషయాలు గుర్తుపెట్టుకుని అడగాలి. వర్జిన్ సరుకా (కొత్త ముడిసరుకుతో చేసింది), రీప్రాసెస్ చేసిందా (పాత ప్లాస్టిక్ కరిగించి చేసింది)? రీప్రాసెస్‌ది చవక, కానీ వెలుతురుకి ఎత్తి చూస్తే పలుకులు, సూది బెజ్జాలు కనిపిస్తాయి, ఒక్కోచోట ఒక్కోలా అతుకుతుంది. ఇక అడగాల్సిన రెండో విషయం, ట్యూబ్ రోలు ఉందా? పాలిథీన్ షీటు మామూలుగా ఫ్యాక్టరీలో గొట్టంగానే ఊది తయారుచేస్తారు, తర్వాత కోసి షీటు చేస్తారు. కోయని గొట్టమే తెచ్చుకుంటే కాళ్ళకి, తొండానికి పొడవాటి అతుకులే అక్కర్లేదు. పరిచినప్పుడు 2 అడుగుల వెడల్పున్న ట్యూబు ఉబ్బితే సుమారు 39 సెం.మీ. వ్యాసం వస్తుంది.

| షీటు | అతుకు | దేనికి బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|---|
| ఇంట్లో పోగైన పాత క్యారీ బ్యాగులు | టేపు | పిల్లల పని, రంగురంగుల గుడారం | అతుకులు లెక్కలేనన్ని |
| నల్ల చెత్త సంచులు | టేపు, తక్కువ వేడి | చిన్న బొమ్మలు, ఎండకి తేలేవి | ఇట్టే చిరుగుతాయి |
| మల్చింగ్ షీటు, 25-30 మైక్రాన్లు | ఇస్త్రీ, సీలరు | పొడవాటి పాములు, సొరంగాలు | సన్నం, వెడల్పు తక్కువ |
| పాలిథీన్ 200 గేజ్ | ఇస్త్రీ, సీలరు, టేపు | గదిలో ఏ బొమ్మైనా | బయట గాలికి ఆగదు |
| పాలిథీన్ 400 గేజ్, ఆపైన | ఇస్త్రీ, సీలరు | మనుషులు దూరే దిండ్లు, బయట బొమ్మలు | ఖరీదు, బరువు |
| చీర కవర్ల లాంటి గలగలలాడే షీటు | టేపు మాత్రమే | మెరుపు అలంకారం | వేడికి ముడుచుకుపోతుంది |
| పారదర్శక పీవీసీ, టేబుల్ కవరు రకం | ఇంట్లో చేయొద్దు | - | వేడెక్కితే ఘాటు పొగ |
| టార్పాలిన్ బరకం | కుట్టు, హాట్ ఎయిర్ గన్ | ఏళ్ళ తరబడి బయట | కుట్టు బెజ్జాల్లోంచి గాలి |

ఇందులో నా ఓటు 200 గేజ్ తెల్ల పాలిథీన్‌కి. అచ్చంగా పారదర్శకమైనది కాదు, పాలలా ఉండేది అడగండి. లోపల ఎల్‌ఈడీ పట్టీ పెడితే బొమ్మ ఒళ్ళంతా వెలుగుతుంది, పారదర్శక షీటులో అయితే వెలుగు దాటిపోయి బల్బులు, వైర్లు మాత్రమే కనిపిస్తాయి. ఫిలమెంట్ బల్బులు మాత్రం లోపల పెట్టొద్దు, షీటుకి తగిలితే కరుగుతుంది.

గుంటూరు వైపు వాళ్ళకి ఒక అదనపు సౌకర్యం మల్చింగ్ షీటు. డ్రిప్పుతో మిర్చి, కూరగాయలు వేసే రైతులు మళ్ళకి పరిచేది, పైన వెండి రంగు, కింద నలుపు. పరిచాక చుట్ట చివర మిగిలిన ముక్కలే మనకి చాలు. వెడల్పు మామూలుగా 4 అడుగుల్లోపే కాబట్టి అంచులు రెండూ కలిపి అతికితే ఒక పొడవాటి పాము, వెండి పైకి పెడితే రాత్రి లైట్లలో భలేగా ఉంటుంది. పొలంలో ఒక సీజను వాడేసినది మాత్రం తీసుకోకండి, ఎండకి, మట్టికి పెళుసెక్కి ఉంటుంది. అలాగే మిర్చి కల్లాల్లో వాడిన పట్టాలు ఊరికే ఇస్తున్నారని తెచ్చుకోకండి. నాలుగుసార్లు కడిగినా సరే, ఫ్యాను ఆన్ చేశాక ఆ ఘాటు గదంతా తిరుగుతుంది, తుమ్ములు, కళ్ళమంట, ఇక పని ఆపి అందరూ బయటికే.

పాత క్యారీ బ్యాగుల దారికి ఒక చరిత్ర కూడా ఉంది. అర్జెంటీనాలో పుట్టిన టొమాస్ సరసేనో 2007లో మొదలుపెట్టిన పనిలో ఊరూరా జనం తెచ్చిన వాడేసిన సంచుల్ని అతికి పేద్ద బెలూను చేసి, లోపలి గాలి ఎండకి వేడెక్కితే అది లేచేలా చేశారు. మన దగ్గర 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగుల్ని 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు, అయినా ఇళ్ళల్లో వంటింటి తలుపు వెనక పాత సంచుల మూట ఇంకా ఉంటుంది. కొత్తవి కొనక్కర్లేదు, ఆ మూట చాలు.

ఎండకి తేలే బొమ్మ చేయాలని మనసుపడేవాళ్ళు ఇది చూసుకోండి. 20 మైక్రాన్ల నల్ల షీటు చదరపు మీటరు 18 గ్రాములు. బయటికంటే లోపల గాలి 30 డిగ్రీలు వేడెక్కితే ఒక ఘనపు మీటరు గాలి 100 గ్రాముల దాకా మోస్తుంది. లెక్క కడితే గొట్టం వ్యాసం 70 సెం.మీ. దాటితేనే దాని బరువు అది మోసుకోగలుగుతుంది, ఒక మీటరు చేస్తే హాయి. గాలి కదలని చలికాలం పొద్దుటిపూట ఖాళీ మైదానంలో నూలు తాడు కట్టి మాత్రమే వదలండి. కరెంటు తీగల దగ్గరా, గన్నవరం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలా ఈ సరదా వద్దు. బెలూన్ల వాళ్ళ దగ్గర హైడ్రోజన్ పట్టించుకుందామనే ఆలోచన కూడా వద్దు, నిప్పురవ్వ చాలు.

మీరు ఎవరు అన్నదాన్నిబట్టి

స్కూలు టీచరైతే రెండో ఆలోచన లేకుండా పాత సంచులు, టేపు, టేబుల్ ఫ్యాను. బొమ్మ కూడా కాదు, గుడారం చేయించండి, పిల్లలకి తాము చేసినదాంట్లో కూర్చోవడమే ఆనందం. లోపలికి పంపితే కొన్ని నియమాలు. ఫ్యాను నడుస్తున్నంతసేపే లోపల, పెద్దవాళ్ళొకరు బయట కత్తెర చేతబట్టుకుని ఉండాలి, కరెంటు పోతే షీటు కోసేయాలి, షీటు పాడైపోతుందేమో అని ఆలోచించొద్దు. రెండు ద్వారాలు పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అస్సలు వద్దు, లోపల ఉడికిపోతారు. పిల్లలు ఒంటరిగా షీటుతో ఆడుకోకుండా మిగిలిన ముక్కలు అప్పటికప్పుడు ఏరేయండి.

ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, కాలేజీ ఫెస్ట్ చేసేవాళ్ళు 200 గేజ్, సీలరు, రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తీసుకోవచ్చు. ముందు 200 గేజ్‌తోనే అడుగు ఎత్తు నమూనా చేయండి, కానీ అది చూసి ధీమా పడకండి, కాళ్ళ లెక్క అసలు కొలతతో విడిగా వేసుకోవాలి. ఆకారం గీసేటప్పుడు ఉబ్బితే కుంచించుకుపోతుందని గుర్తుంచుకోండి. మీటరు వ్యాసం ఉన్న రెండు గుండ్రటి ముక్కలు అతికి ఊదితే అడ్డంగా 76 సెం.మీ.కి తగ్గిపోతుంది, అంచంతా ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇష్టమైతే సరే, నాకైతే కొన్ని బొమ్మలకి అవే అందం. నున్నటి గోళమే కావాలంటే నారింజ తొనల్లాంటి ముక్కలు ఎనిమిదో పన్నెండో కోసి అతకాలి, ఓపిక ఉండాలి.

వినాయక చవితికో దసరాకో పందిరి దగ్గర పెట్టాలనుకునే కమిటీ కుర్రాళ్ళకి మాత్రం నా సలహా వేరు. రోజులకొద్దీ, వర్షంలో, జనం మధ్య నిలబడాల్సినది కాబట్టి 400 గేజ్ కూడా నాకు ధైర్యం చాలదు. బరకం గుడ్డ కొని టైలరు చేత కుట్టించండి, బ్లోయరు అద్దెకి తెచ్చి జనరేటరు లైనుకి తగిలించండి. కుట్టు బెజ్జాల్లోంచి గాలి పోతుంది, బ్లోయరుకి అదేం లెక్క కాదు, ఫ్యానుకైతే అదే చావుదెబ్బ. హారతి, అగరొత్తులు, టపాసులు బొమ్మకి పది అడుగుల లోపు రానివ్వద్దు. వైరు జాయింట్లు నేలమీద తడిలో ఉండకుండా ఎత్తున కట్టండి. ఇంత చేయలేమనుకుంటే పందిరి లోపల మూలన 200 గేజ్‌తో చిన్న మూషికాన్ని చేసుకుని ఊరుకోండి, చిన్న పిల్లలందరూ దాని దగ్గరే ఉంటారు.

ఒంటరిగా ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్ళకి ఖర్చు పెట్టాల్సింది సీలరు మీదే. షీటు కిలో చాలు. ముందు జానెడు దిండు అతికి చూసుకోండి, గాలి నింపి మూతి కట్టి బకెట్ నీళ్ళలో ముంచితే బుడగలు ఎక్కడొస్తున్నాయో అక్కడ మీ చెయ్యి వదులుగా పడుతున్నట్టు. పలచటి షీటుకి దుమ్ము విపరీతంగా పడుతుంది, ఇక్కడి దుమ్ము సంగతి మీకు తెలిసిందే, అంచులు తడిగుడ్డతో తుడిచి బాగా ఆరాకే అతకండి.

పని అయిపోయాక మడిచేటప్పుడు ప్రతిసారీ ఒకే గీత మీద మడవొద్దు, అక్కడే చిట్లుతుంది, చాపలా చుట్టేయండి, ఎలుకలు చేరని చోట పెట్టండి. పారేయాల్సొస్తే పాత సామాన్ల వాళ్ళు శుభ్రమైన పాలిథీన్‌ని కిలోల లెక్కన తీసుకుంటారు. టేపు అంటిన భాగాలు మాత్రం వాళ్ళు పక్కన పెట్టేస్తారు, వాటిని ముందే కత్తిరించి వేరు చేసుకుని మిగిలినది తూకానికి వేయండి.